మూత తీసిన చప్పుడు

మా మావయ్య పొయ్యి వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆయన వంట వినని ఇల్లు మా ఊళ్ళో లేదు. టీవీలో నూనె చుయ్యిమన్నా, కూర కుతకుతలాడినా, పిల్లలు రొట్టె కరకరా కొరికినా, ఆ చప్పుడు మావయ్యదే. ప్రకటనలకి చప్పుళ్ళు తయారుచేసి పెట్టడం ఆయన ఉద్యోగం. చుట్టాలందరూ ఆయన్ని చప్పుళ్ళ మావయ్య అనేవాళ్ళు. ఆ మాటకి ఆయన మొహమాటపడేవాడు కానీ, ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వస్తే ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తేదాకా కుదురుగా కూర్చునేవాడు కాదు.

ఇదేం ఉద్యోగమని మొదట్లో నేనూ ముక్కున వేలేసుకున్నాను. వంట చేస్తుంటే చప్పుడు దానంతటదే వస్తుంది కదా, మళ్ళీ తయారుచేయడమేంటి? మావయ్య ఓపిగ్గా చెప్పాడు. షూటింగు జరిగేటప్పటికి గిన్నెలో కూర ఎప్పుడో చల్లారిపోయి ఉంటుందట. లైట్లు గీమంటుంటాయట. ఎవరో ఎవరినో తిడుతుంటారట. అందుకని బొమ్మ మాత్రం తీసుకొచ్చి, గోడలకి పరుపులు కుట్టినట్టుండే ఒక గదిలో మావయ్య ఎదురుగా తెరమీద వేస్తారు. బొమ్మలో గరిటె తిరిగినప్పుడల్లా ఇక్కడ ఈయన చప్పుడు చేయాలి.

ఆ గది నేను ఒకే ఒక్కసారి చూశాను. చూసిన పాపానికి చాలా రోజులు టీవీలో కూర కనిపిస్తే మొహం తిప్పుకునేదాన్ని. ఉల్లిపాయలు వేగే చప్పుడంటే, బాగా కాలిన ఇస్త్రీపెట్టెని తిరగేసి దానిమీద తడిగుడ్డ పిండటం. కూర ఉడకడమంటే, బకెట్టు నీళ్ళలో రబ్బరు గొట్టం పెట్టి మావయ్య బుగ్గలు పూరించి ఊదడం. చిక్కటి కూరలో గరిటె తిరగడమంటే, గోడలకి రంగుకాగితాలు అంటించే జిగురులో కర్రగరిటె తిప్పడం. ఇక పిల్లలు ఆవురావురుమని తినడమంటే, మావయ్య పచ్చి క్యాబేజీ కాడ నమలడం. అంత బట్టతలా, అంత పొట్టా వేసుకుని, తెరమీద రెండుజడల పాప నోరు కదిపినప్పుడల్లా ఈయన ముద్దుగా నములుతుంటే నాకు నవ్వాగలేదు. నన్ను బయటికి పంపేశారు.

అప్పట్లో నేను మావయ్య వాళ్ళ ఊళ్ళో ఒక చెప్పుల దుకాణంలో బిల్లులు కొట్టేదాన్ని. మావయ్య మా అమ్మకి తమ్ముడు. వాళ్ళబ్బాయి పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టాక ఖాళీ అయిన గది నాకిచ్చారు. గదితోపాటు మావయ్య కోతలూ, అత్తయ్య కేకలూ నా వాటాకి వచ్చాయి.

అత్తయ్య ఊరి చివర డబ్బా కూరల ఫ్యాక్టరీలో పనిచేసేది. చిక్కుడు గింజలూ, కూరగాయలూ, మసాలా అన్నీ అక్కడే ఉడికి, రేకు డబ్బాల్లో నిండి వరసగా కదిలొస్తాయి. వాటికి మూతలు బిగించే మిషను దగ్గర అత్తయ్య నిలబడాలి. మిషన్లోకి మూతలు అందించాలి, సరిగ్గా కూర్చోని మూతని బొటనవేలితో నొక్కి చూడాలి, సొట్టపడ్డ డబ్బాని పక్కకి లాగేయాలి. ఆ మిషను హోరులో పక్కమనిషి మాట వినపడాలంటే అరవాల్సిందే. అరిచి అరిచి అత్తయ్యకి అదే మామూలు గొంతయిపోయింది. ఇంట్లో ఆవిడ "ఉప్పు అందుకో" అంటే పక్కవాటా వాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలోనే బూట్లు విప్పేసి, వేడినీళ్ళ బేసిన్‌లో ఉప్పు వేసుకుని, అందులో పాదాలు పెట్టుకుని కూర్చునేది. ఒళ్ళో సొట్టడబ్బా ఉండేది. అమ్మకానికి పనికిరాని అలాంటి డబ్బాల్ని ఫ్యాక్టరీ వాళ్ళు పనివాళ్ళకే ఇచ్చేవాళ్ళు. మూతకున్న రింగులో బొటనవేలు దూర్చి సగం దాకా లాగి ఆగేది. రెండో చేతి బొటనవేలికి మార్చుకుని, పళ్ళ బిగువున మిగతా సగం లాగేది. ఆ కూర నేను వేడిచేసేదాన్ని, మావయ్య రొట్టె కోసేవాడు. ఇదీ మా ఇంటి వంట. వాళ్ళబ్బాయి ఈ డబ్బాలు తినే తాటిచెట్టంత ఎదిగాడు, కాబట్టి ఈ వంటకి వంక పెట్టే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

తమాషా ఏంటంటే, మావయ్యకి అందరికంటే ఎక్కువ పని ఇచ్చేది ఆ డబ్బా కూరల కంపెనీయే. ఆ ప్రకటన మీరూ చూసే ఉంటారు, ఇదే కాకపోతే ఇలాంటిది ఇంకొకటి. కిటికీలోంచి లేత ఎండ పడుతుంటుంది. నీలం ఏప్రన్ కట్టుకున్న అమ్మ కూనిరాగం తీస్తూ కూరగాయలు తరుగుతుంది. ఉల్లిపాయలు వేయిస్తుంది. గరిటె తిప్పుతుంది, తిప్పుతూనే ఉంటుంది. కర్రగరిటె చివర నుంచి ఒక చుక్క రుచి చూసి కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత బల్లమీద, పూలగుత్తి పక్కన, మూత తీయని డబ్బా ఒకటి పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. 'అమ్మ వంట, అచ్చం అమ్మ వంట' అని ఒక మెత్తటి గొంతు వినిపిస్తుంది. ఆవిడ అంత వంట చేశాక ఆ డబ్బాతో పనేంటి? డబ్బానే ఉంటే ఆవిడ అంత చాకిరీ ఎందుకు చేసినట్టు? నేను మావయ్యని అడిగాను.

"అలా అడక్కూడదు," అన్నాడాయన.

"పోనీ, మూత తీసే చప్పుడేదీ?"

"అది ఉండకూడదు. డైరెక్టరు గారి ఆర్డరు. తరిగే చప్పుడుండాలి, వేగే చప్పుడుండాలి, మూత చప్పుడు మాత్రం పొరపాటున కూడా పడకూడదు. అది పడిందంటే అమ్మ కాస్తా అంగడి అయిపోతుందంటాడు."

ఆ ప్రకటనల డైరెక్టరుకి అత్తయ్య కన్నీళ్ళ డైరెక్టరని పేరు పెట్టింది. మనిషిని చూడకుండానే పెట్టింది. మావయ్య రోజూ ఇంటికొచ్చి "ఇవాళ నా చప్పుడు విని డైరెక్టరు గారు కళ్ళు తుడుచుకున్నారే" అని డప్పు కొట్టుకునేవాడు మరి.

నీలం ఏప్రన్ ఆవిడకి అత్తయ్య పెట్టిన పేరు మహాతల్లి. వాళ్ళిద్దరికీ రోజూ సాయంత్రం పోట్లాటే. వార్తలకి ముందు ఆ ప్రకటన వచ్చేది. అత్తయ్య చెంచా టీవీ వైపు చూపిస్తూ మొదలెట్టేది.

"వచ్చిందమ్మా మహాతల్లి! పొద్దుటినుంచీ నిలబడే ఉందిగా, కాళ్ళు లాగవా దీనికి? ఆ గరిటె అలా తిప్పుతూనే ఉంటుందేం, వేళ్ళు నొప్పెట్టవా? ఒక్కసారైనా ఆగి చచ్చిందా?"

"పోనిద్దూ, బొమ్మే కదా," అనేవాడు మావయ్య, రొట్టెలోకి తల దూర్చేసి.

"బొమ్మే అయితే మా క్యాంటీనులో అంత పెద్ద ఫోటో ఎందుకు పెట్టారు? అన్నం తినేటప్పుడు కూడా నా మొహంలోకే చూస్తుంటుంది. 'నేనింత కమ్మగా వండుతున్నాను, నువ్వేమో డబ్బా తెరుస్తున్నావు, సిగ్గులేదూ' అన్నట్టు ఆ నవ్వొకటి. దాని మూతలు బిగించేది నేనని దానికి తెలుసా?"

అక్కడ మావయ్య నీళ్ళు నమిలేవాడు. ఆయన చేసిన చప్పుళ్ళని తిడుతోందని చిన్నబుచ్చుకుంటున్నాడేమో అనుకునేదాన్ని. అసలు సంగతి అది కాదని ఒక సాయంత్రం తేలిపోయింది.

ఆ సాయంత్రం తలుపు తీస్తే ఒక పొడుగాటి మనిషి, చేతినిండా పూలగుత్తితో నిలబడి ఉన్నాడు. మెడచుట్టూ పల్చటి కండువా, తడికళ్ళు. చూడగానే కన్నీళ్ళ డైరెక్టరని పోల్చుకున్నాను. మావయ్య ఇంకా స్టూడియో నుంచి రాలేదు. అత్తయ్య యథాప్రకారం బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని, ఆకలికి ఆగలేక డబ్బాలోంచే చెంచాతో తింటోంది.

ఆయన లోపలికొచ్చి అటూ ఇటూ చూశాడు. చూపు అత్తయ్య మీదుగా వెళ్ళి వంటగది గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మగారు లోపల ఉన్నారా?"

"ఏ అమ్మగారండీ?" అంది అత్తయ్య.

ఆయన మావయ్య పేరు చెప్పి, ఆయన భార్య కావాలన్నాడు. అత్తయ్య చెంచా దించి "నేనే" అంది. ఆయన ఒక్క క్షణం తికమకపడి, మరుక్షణం సర్దుకుని, పూలగుత్తి తీసుకెళ్ళి బేసిన్ పక్కన పెట్టి చేతులు జోడించాడు.

"అమ్మగారూ, ఇన్నేళ్ళకి మీ దర్శనమైంది. మీరు తెల్లారకముందే లేవడం, నీలం ఏప్రన్ కట్టుకోవడం, కూనిరాగం తీస్తూ కూరలు తరగడం, గరిటె చివర రుచి చూసి కళ్ళు మూసుకోవడం... మీవారు చెబుతుంటే విని విని నాకు కంఠతా వచ్చేసింది. మా ప్రకటనలో అమ్మ ఎవరనుకున్నారు? మీరే! ప్రతి ఇంచీ మీరే!"

నేను అత్తయ్య మొహం చూశాను. ఇల్లు తప్పి వచ్చిన మనిషిని చూసే చూపు కాసేపు. ఆ తర్వాత ఒక్కొక్క మాటా లోపలికి దిగడం నాకు కనిపించింది. నీలం ఏప్రన్. కూనిరాగం. ఇక కేక పడుతుందని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. పడలేదు.

కంపెనీ పెట్టి చాలా ఏళ్ళయిందనీ, ఆ సంబరానికి కొత్త ప్రకటన తీస్తున్నామనీ, ఈసారి స్టూడియో చప్పుళ్ళు కాకుండా అమ్మగారి వంటగదిలోనే అసలైన చప్పుళ్ళు రికార్డు చేద్దామనీ ఆయన చెప్పుకుపోతున్నాడు. అంతా విని అత్తయ్య చాలా నెమ్మదిగా, నేనెప్పుడూ వినని గొంతుతో అంది.

"శుక్రవారం సాయంత్రం రండి. నా డ్యూటీ దిగాక."

'డ్యూటీ' అన్న మాట ఆయన చెవినపడ్డట్టు లేదు. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మావయ్య వచ్చి, పూలు చూసి, నా మొహం చూసి, అత్తయ్య మొహం చూసి, తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడిపోయాడు. అత్తయ్య తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి పడుకుంది. ఆ రోజు నుంచీ ఆయనతో మాటల్లేవు.

అత్తయ్య కేకలేస్తే పక్కవాటా వాళ్ళకి నిద్రాభంగం అయ్యేది. నోరు మూసుకునేసరికి మా ఇల్లే భయంగా అయిపోయింది. ఉప్పు కావాలంటే తనే లేచి తెచ్చుకునేది. టీవీలో మహాతల్లి వచ్చేసరికి లేచి వెళ్ళిపోయేది. పగలంతా చప్పుళ్ళ మధ్య బతికే మావయ్య ఇంటికొచ్చి, గోడగడియారం చప్పుడొకటే వింటూ కూర్చునేవాడు. చూస్తే జాలేసేది. జాలిపడ్డానని తెలిస్తే నెత్తినెక్కుతాడని పైకి అనలేదు.

ఒకరోజు ఆయన్ని మెట్ల మీద కూర్చోబెట్టి నిలదీశాను.

"నిజం చెప్పు మావయ్యా, ఇదంతా ఎలా మొదలైంది?"

"నా తప్పేం లేదు అమ్మాయ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇస్త్రీపెట్టె మీద తడిగుడ్డ పిండానా, డైరెక్టరు గారు విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంత కమ్మటి చప్పుడు ఎక్కడ నేర్చుకున్నారు అన్నాడు. అంతగా ఏడుస్తున్న మనిషికి ఇస్త్రీపెట్టె అని ఎలా చెప్పను? మా ఆవిడ వంటగదిలో అన్నాను."

"అంతేనా?"

"మర్నాడు మళ్ళీ అడిగాడు, ఇవాళ ఏం వండిందీ అని. నోటికొచ్చింది చెప్పాను. ఆ తర్వాత రోజూ అడగడమే. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుని ప్రకటనలో పెట్టేవాడు."

"నీలం ఏప్రన్ ఎక్కడిది?"

"స్టూడియో తెరలు నీలం రంగువి," అన్నాడు తల వంచుకుని.

"మరి కూనిరాగం?"

"ఫ్యాను."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది. "ఒక్కరోజైనా అత్తయ్య గురించి ఉన్నదున్నట్టు చెప్పావా?" అన్నాను.

"ఉన్నది చెప్పడానికేముంది? వస్తుంది, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటుంది, డబ్బా తీస్తుంది. అది ప్రకటనకి పనికిరాదు కదే."

ఆ మాట తన నోటినుంచి తనే విని, మావయ్య గతుక్కుమన్నాడు. మెల్లిగా, "మీ అత్తయ్య మళ్ళీ నాతో మాట్లాడుతుందంటావా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

తప్పు చేసిన మగవాడు దాన్ని దిద్దుకోబోయి ఇంకో తప్పు చేయడం నేను చాలా ఇళ్ళలో చూశాను. మా మావయ్య అందులోనూ ఒక మెట్టు పైనే. గురువారం ఆయన అత్తయ్యకి ఒక నీలం ఏప్రన్ కొనుక్కొచ్చాడు. "ఒక్క పూటకేనే, పరువు పోకుండా గట్టెక్కిస్తే చాలు" అని మంచం మీద పెట్టి వచ్చాడు. అత్తయ్య దాన్ని తీసి, విప్పి, రంగు బాగుందన్నట్టు తలూపి, దాంతో ఫ్యాక్టరీ బూట్లకంటిన గ్రీజు శుభ్రంగా తుడిచి, మడతపెట్టి ఆయన దిండుమీద పెట్టింది.

అప్పటికీ బుద్ధి రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం స్టూడియో నుంచి ఇస్త్రీపెట్టె, రబ్బరు గొట్టం, జిగురు డబ్బా సంచీలో వేసుకొచ్చాడు. మా వంటగదికీ ముందుగదికీ మధ్య సగం గోడ ఒకటుంది. ఆ గోడ వెనక కూర్చుని, అత్తయ్య ఊరికే పొయ్యి దగ్గర నిలబడితే చాలు, చప్పుళ్ళన్నీ తను చేస్తాడట! తన ఇంట్లో, తన భార్య పక్కన నక్కి, ఆవిడ చేయని వంటకి చప్పుడు చేస్తానన్న మనిషిని ఏమనాలో నాకు తోచలేదు. "నీ ఇష్టం" అన్నాను.

కన్నీళ్ళ డైరెక్టరు, మైకు పట్టుకునే మనిషి చెప్పిన వేళకే వచ్చారు. మైకుని కర్రకి కట్టి ముందుగది మధ్యకి చాచారు. మావయ్య "చిన్న పనుంది" అని గొణిగి గోడ వెనక్కి పోయాడు. నేనున్న చోటుకి ఆయన కనిపిస్తున్నాడు. ఒక చేతిలో నీళ్ళోడుతున్న తడిగుడ్డ, ముందు కాలిన ఇస్త్రీపెట్టె.

అత్తయ్య డ్యూటీ దిగి వచ్చింది. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టింది. బూట్లు విప్పింది. బేసిన్‌లో నీళ్ళు పోసుకుంది, ఉప్పు వేసుకుంది, పాదాలు పెట్టి "అబ్బా" అంది. డైరెక్టరు గుసగుసగా "వంట ఎప్పుడు మొదలవుతుంది?" అని నన్నడిగాడు.

"మొదలైంది," అన్నాను.

అత్తయ్య సొట్టడబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నేను మావయ్య వైపు చూశాను. తడిగుడ్డ పిండటానికి ఇదే అదను. ఒక్క చుక్క పడితే చాలు, ఇల్లంతా ఉల్లిపాయలు వేగినట్టు చుయ్యిమంటుంది. డైరెక్టరు ఏడుస్తాడు, పరువు దక్కుతుంది, అందరూ సుఖంగా ఇళ్ళకి పోతారు. మావయ్య చెయ్యి ఇస్త్రీపెట్టె మీదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య రింగు లాగింది. క్రీచ్‌మని సగం దాకా వచ్చి ఆగింది. అత్తయ్య బొటనవేలు మార్చుకుంది. మిగతా సగం కూడా క్రీచ్‌మంటూ లాగింది. మూత టక్కున ఊడింది.

మావయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన్ని నేను ఆ స్టూడియోలో చూశాను కదా, ఏదైనా చప్పుడు సరిగ్గా కుదిరితే ఆయన మొహం అలాగే పెట్టేవాడు. కళ్ళు తెరిచి తడిగుడ్డని బకెట్టులో పడేశాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశాడు. గోడ వెనకనుంచి బయటికొచ్చాడు.

"అయ్యో, మూత చప్పుడు పడిపోయింది," అంటున్నాడు డైరెక్టరు మైకతనితో. "చెరిపేసి మళ్ళీ తీసుకుందాం."

"చెరపకండి," అన్నాడు మావయ్య. "మా ఇంట్లో వంటంటే ఇదేనండీ. మా ఆవిడకి ఏప్రన్ లేదు. కూనిరాగం రాదు. పొద్దున్నుంచీ నిలబడి మీ కంపెనీ డబ్బాలకి మూతలు బిగించి వస్తుంది. నేను మీకు చెప్పిందంతా వట్టి కల్పన. ఆ ఉల్లిపాయలు ఇస్త్రీపెట్టె. ఆ కూర జిగురు."

డైరెక్టరు నోరు తెరిచాడు, కానీ మావయ్య ఆగేలా లేడు.

"ఒక్కటి మాత్రం నిజమండీ. అన్ని చప్పుళ్ళూ చేశాను కానీ ఈ చప్పుడు నా వల్ల కాలేదు. స్టూడియోలో ఎన్నో డబ్బాలు తెరిచి చూశాను. సగంలో ఆగడం ఉందే, అది రాలేదు. మా ఆవిడ బొటనవేలు వాచిపోయి ఉంటుంది, ఒకేసారి లాగలేదు. ఆ ఆగే క్షణంలోనే నాకు తెలిసిపోతుంది, ఇవాళ మిషను దగ్గర ఎంత నలిగొచ్చిందో. మెట్ల మీద ఉన్నా సరే, ఆ చప్పుడు వింటే ఇల్లు చేరాననిపిస్తుంది నాకు."

అత్తయ్య తల వంచుకుని డబ్బాలోకి చూస్తోంది.

ఇక ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. కన్నీళ్ళ డైరెక్టరు లేచి వచ్చి మావయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. బుగ్గల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఎంత వినయం! అంత గొప్ప వంట పెట్టుకుని, ఏమీ లేదంటున్నారు! అమ్మగారికి ఇవాళ ఒంట్లో బాలేనట్టుంది, నాకర్థమైంది. మీరేం బాధపడకండి. ఆవిడ వంట మీకు కంఠతా వచ్చు కదా, స్టూడియోలోనే చేసేయండి."

నిజం చెబితే నమ్మేవాడు ఒక్కడూ దొరకని ఉద్యోగం మా మావయ్యది. వాళ్ళు మైకు మడిచి వెళ్ళిపోయారు. నేను కూర వేడిచేసే నెపంతో పొయ్యి దగ్గరికెళ్ళాను కానీ, చెవులు మాత్రం ముందుగదిలోనే వదిలేశాను.

"మీరు అబద్ధం ఆడారని కాదు నా బాధ," అంది అత్తయ్య చివరికి, తన మామూలు గొంతుతో, పక్కవాటా వాళ్ళకి కూడా వినపడేలా. "ఇన్నేళ్ళూ ఆ మహాతల్లిని నేను తిడుతుంటే పక్కనే కూర్చుని విన్నారు. నాకంటే అదే బాగుందనుకున్నారేమో అని... అదీ నా బాధ. అర్థమైందా?"

"అర్థమైంది."

"వేలు నొప్పని మీకు తెలుసన్న సంగతి నాకెప్పుడైనా చెప్పారా?"

"లేదు."

"ఎవడికో చెబుతారు, నాకు చెప్పరు. మనిషేనా మీరసలు?" చెంచా అందుకుంది. "రొట్టె కోయండి. ఆకలేస్తోంది."

మావయ్య రొట్టె కోశాడు. ఆ రోజు ముక్కలు ఎంత వంకరగా వచ్చాయో చెప్పలేను. మర్నాటినుంచి డబ్బా మూతలు తీసే పని ఆయన తీసుకున్నాడు. రెండు రోజులకే వేలు కోసుకున్నాడు. అత్తయ్య చివాట్లు పెట్టి ఆ పని మళ్ళీ లాక్కుంది. ఒప్పందమేంటంటే, సగం దాకా ఆవిడ లాగుతుంది, మిగతా సగం ఆయన లాగుతాడు.

కొత్త ప్రకటన కొన్నాళ్ళకి వచ్చింది. 'ఒక అమ్మ వంటగదిలోని అసలైన చప్పుళ్ళతో' అని మొదట్లోనే అక్షరాలు పడ్డాయి. అక్షరాల కిందే మా ఇస్త్రీపెట్టె చుయ్యిమంది. నాకు నవ్వొచ్చి పొలమారింది. అత్తయ్య బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని, టీవీ సౌండు బాగా పెంచి, చెంచా పైకెత్తింది. ఇక మొదలు అనుకున్నాను.

మహాతల్లి నీలం ఏప్రన్ కట్టుకుని తరిగింది, వేయించింది, గరిటె పట్టుకుంది. బొమ్మ ఆవిడ మీదనుంచి బల్లదగ్గర ఎదురుచూస్తున్న పిల్లల మొహాల మీదికి వెళ్ళింది. లోపల్నుంచి గరిటె తిరుగుతున్న చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. చిక్కగా, మెల్లిగా తిరిగి తిరిగి, ఉన్నట్టుండి ఆ గరిటె ఆగింది. చెయ్యి మార్చుకునేంత సేపు ఆగింది. మళ్ళీ తిరగడం మొదలెట్టింది.

డైరెక్టరు దాన్ని గమనించలేదు. కంపెనీవాళ్ళూ గమనించలేదు. దేశంలో ఎవరికీ అది తట్టి ఉండదు.

అత్తయ్య చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ తన బొటనవేలు వైపు చూసుకుంది. మావయ్య వైపు చూడలేదు. ఆయన రొట్టె పళ్ళెంలోంచి తలెత్తితే ఒట్టు.

"దీనికీ వేలు నొప్పెట్టింది, పాపం," అంది అత్తయ్య. తర్వాత టీవీలో ఆవిడతో, అన్నేళ్ళలో మొదటిసారి తిట్టకుండా మాట్లాడింది. "కాసేపు కూర్చోవే, తల్లీ. డబ్బా ఉందిగా."

మావయ్య రొట్టెముక్క నోట్లో పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా నమిలాడు.